పెళ్ళి తరువాతి శాసనాలు



కాకతీయుల చరిత్ర మొదలుపెట్టావని తెలిసి సంతోషించాను. యుద్ధాల సంగతి పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ ఇంటి పెళ్ళిళ్ళ సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. అక్కడ ఆగకు తల్లీ. గణపతిదేవుడు (1199–1262) ఓరుగల్లు నుంచి సముద్రం దాకా రాజ్యాన్ని నిలబెట్టుకోవడంలో కత్తికి ఎంత పాత్ర ఉందో వియ్యాలకూ అంతే ఉంది.

తీరాంధ్ర దండయాత్రలో దివిసీమ ఆయన వశమైంది. అక్కడి అయ్య వంశాన్ని ఆయన తుడిచిపెట్టలేదు. ఆ ఇంటి ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్ళాడాడు. ఓడిన ఇల్లు అత్తవారిల్లయింది. వాళ్ళ సోదరుడు జాయప కాకతీయుల గజసేనాధిపతి అయ్యాడు. నృత్తరత్నావళి రాసింది ఆయనే.

గణపతిదేవుడి సోదరి మైలాంబ నతవాడి పాలకుడు రుద్రుడి ఇల్లాలు. బయ్యారంలో ఆమె చెరువు తవ్వించి శాసనం వేయించింది. అందులో పుట్టింటి వంశాన్ని మూలపురుషుడు వెన్నడి నుంచి వరుసగా చెప్పించింది. కాకతీయుల తొలి తరాల పేర్లు నేడు మనకు తెలియడానికి ముఖ్య ఆధారం ఆ శాసనమే. మెట్టినింటికి వెళ్ళిన ఆడపిల్ల పుట్టింటి చరిత్రను రాతి మీద కాపాడింది!

ఇక గణపాంబ. గణపతిదేవుడి ఈ కూతురిని ధరణికోట ఏలే కోట వంశపు బేతరాజుకు ఇచ్చారు. కృష్ణ ఒడ్డున అమరావతిని ఆనుకుని ఉన్న సీమ అది. ఓరుగల్లుకు అక్కడ నమ్మకమైన అల్లుడు కావాలి. ఆ లెక్కతోనే పెళ్ళి జరిగి ఉంటుంది. కానీ బేతరాజు చనిపోయాక ఆ సీమను పాలించింది గణపాంబే. 1250 నాటి యెనమదల శాసనం ఆమె పనులు చెబుతుంది. భర్త పేరిట గుడి కట్టించింది, తండ్రి పేరిట మరొకటి కట్టించింది, అమరేశ్వరుడి ఆలయానికి బంగారు కలశాలు ఎత్తించింది. రెండు ఇళ్ళ పేర్లూ నిలబెట్టిన ఈ రాణిని అక్క నీడలో వదిలేయడం అన్యాయమని నా నమ్మకం.

ఆ అక్క రుద్రమదేవి. ఆమెకు నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో పెళ్ళయింది. పాత పేరున్న వంశమే అయినా, ఓరుగల్లు మీద పెత్తనం చేసేంత బలం దానికి లేదు. రాజ్యం ఏలబోయే కూతురికి అలాంటి సంబంధమే సరిపోయింది. 1262 నుంచి 1289 దాకా ఆమె ఏలుబడి సాగింది. చాలా శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. కాకతీయ రాజ్యాన్ని మోటుపల్లి రాజ్యంగా వర్ణించిన యాత్రికుడు మార్కోపోలో ఆమె పాలనను ఎంతో మెచ్చుకున్నాడు. అయితే ఆమెను చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. ఆడది సింహాసనం మీద ఉంటే అది భర్త విడిచి వెళ్ళినదే అయి ఉండాలని ఆయన ఊహ. నిజానికి అది తండ్రి ఇచ్చింది.

రుద్రమ కూతుళ్ళలో ఒకరిని యాదవ వంశపు ఎల్లణదేవుడికి, రుయ్యమ్మను ఇందులూరి అన్నయ మంత్రికి ఇచ్చారు. ముమ్మడమ్మను మహాదేవుడు పెళ్ళాడాడు. ఆమె కొడుకే ప్రతాపరుద్రుడు. అమ్మమ్మ అతన్ని దత్తత తీసుకుని వారసుణ్ణి చేసింది. అంటే కాకతీయుల చివరి రాజుకు సింహాసనం తల్లి వైపు నుంచి వచ్చింది. ముందు ఇది నేర్చుకో, యుద్ధాల తేదీలు తరువాత చూద్దువుగాని.