ఆమె ఎందుకు వెళ్లిపోదు?



"అంత కష్టమైతే పోవచ్చు గదా, ఎందుకు పడి ఉంటోంది?" తాగివచ్చి భార్యను కొట్టే ఇంటిని గూర్చి మన వాడల్లో తరచు వినే మాట ఇది. అడిగేవారు జవాబు కోసం ఆగరు. (మగవారిలోనూ నలిగిపోయేవారున్నారు. వారి సంగతి మరో వారం.)

మన తిరుమలాయపాలెం వైపు పత్తి ఏరను, మిరపకాయ కోయను పోయే తల్లికి కూలి డబ్బులు వస్తాయి. అయితే ఇంటి పట్టా ఎవరి పేర ఉంది? డ్వాక్రా అప్పు మాత్రం ఆమె పేరనే ఉంటుంది. ఊరు విడిస్తే సంఘంలోని తోటివారికి ముఖం ఎలా చూపేది? పుట్టింట్లో చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. అక్క వచ్చి ఇంట్లో కూర్చుంటే వచ్చిన సంబంధం వెనక్కి పోతుందని కన్నతల్లే కంటనీరు పెడుతుంది. ఇంకొకటి, ఇది బయటివారికి అందదు: తాగనినాడు అతడు మంచివాడు. బిడ్డకు జ్వరమొస్తే అర్ధరాత్రి ఖమ్మం ఆసుపత్రికి ఎత్తుకుపోయింది అతడే. రేపు మారతాడన్న ఆశకు ఆధారం లేకపోలేదు. అందుకే అది అంత గట్టిగా కట్టివేస్తుంది.

తుఫానులో చిక్కినవాడు ఓడలోని సరకును సముద్రంలో పారవేస్తాడు. ఆ పని ఇష్టంతో చేసినదా, బలవంతం మీద చేసినదా అని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో ప్రశ్నించాడు. రెండూ కలిసినదే అన్నాడు. చేసింది తానే, కాని తుఫాను లేకుంటే ఎవరూ ఆ పని చేయరు. ఈ తల్లీ అంతే. పిల్లలనే ఓడ మునగకూడదని తన ఒంటిని, నిద్రను పారవేస్తోంది. "ఉంటోంది గనుక ఇష్టమే" అనడం అన్యాయం.

ఆమెను ఆపే మరో భయం, పాపభయం. దేవుడు జతచేసిన బంధాన్ని మనిషి విప్పరాదు, నిజమే. కాని బంధం వేరు, ఒకే కప్పు కింద ఉండడం వేరు. భర్తగాని భార్యగాని తన జతకు లేక బిడ్డలకు ఆత్మకైనా శరీరానికైనా ఘోరమైన అపాయం తెస్తే, విడిగా ఉండడానికి అది న్యాయమైన కారణమని 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 1153వ చట్టం చెబుతోంది. పీఠాధిపతి తీర్పుతో వెళ్లవచ్చు. ఆలస్యంలో అపాయముంటే తానే వెళ్లవచ్చు. కారణం తొలగితే తిరిగి కలవాలనీ అక్కడే ఉంది. కొన్నిసార్లు ఎడబాటు నైతికంగా అవసరమే అవుతుందని 2016లో ఫ్రాన్సిస్ పోపుగారు వ్రాశారు. విడిగా ఉంటున్నంత మాత్రాన దివ్యసత్ప్రసాదానికి దూరం కానక్కరలేదు. ఈ సంగతి తెలియక గుడి వెనుక వరుసలోనే కూర్చుండిపోయేవారున్నారు.

దేశచట్టం కూడా తెలుసుకోండి. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం, పట్టా ఎవరి పేర ఉన్నా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు భార్యకుంది. ఆపదవేళ 181కి ఫోను చేయవచ్చు.

సంఘపెద్దలకొక మాట. పంచాయితీలో భర్త ఎదుట నిలబెట్టి "కాపురం చేస్తావా, చేయవా?" అని అడిగితే ఆమె "చేస్తాను" అనే అంటుంది. ఆ రాత్రి ఆమె తిరిగి వెళ్లవలసింది ఆ ఇంటికే గదా. ముందు వేరుగా, ఒక స్త్రీ తోడుగా కూర్చోబెట్టి అడగండి.