బాలనాగమ్మ – వీరుని కన్నతల్లి

విద్యార్థులారా!

“మాయలఫకీరు ప్రాణము చిలుకలో నున్నట్లు” అను మాట మీరు మీ యిండ్లలో వినియే యుందురు. ఒకనికి ఏదేని ఒక వస్తువుపై మిక్కిలి మమకారము కలిగి, అది లేనిచో వాడు నిలువలేడని తోచినప్పుడు పెద్దలు ఈ మాట వాడుదురు. ఇది బాలనాగమ్మ కథలోనిది. ఫకీరును మనమెఱుగుదుము. చిలుకనెఱుగుదుము. ఏడు సముద్రములు దాటి ఆ చిలుకను తెచ్చిన బాలవర్ధిరాజును ఎఱుగుదుము. కాని ఫకీరు ప్రాణము చిలుకలో నున్నదని మొట్టమొదట కనుగొన్నది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నేటి పాఠము.

కథాసంగ్రహము

ఒక రాజునకు ఏడుగురు కుమార్తెలు. వారిలో కడగొట్టుది బాలనాగమ్మ. తల్లి మరణించిన పిమ్మట, సవతితల్లి మాట విని తండ్రి ఆ బిడ్డలను అడవిపాలు చేసెను. దైవవశమున వారు బ్రతికి, ఏడుగురు రాజకుమారులకు భార్యలైరి. బాలనాగమ్మ భర్త పేరు కార్యవర్ధిరాజు. వారికి బాలవర్ధి అను కుమారుడు కలిగెను.

భర్తయు బావలును ఇంట లేని వేళ మాయలఫకీరు భిక్షకుని వేషమున వాకిట నిలిచెను. ఉయ్యాలలో బిడ్డను ఉంచి భిక్షమిడ వచ్చిన ఆ యిల్లాలిని మంత్రబలముచే కుక్కగా మార్చి తన వెంట గొనిపోయెను. ఆమెను వెదకుచు వచ్చిన కార్యవర్ధిరాజును, అతని సోదరులను ఱాళ్లుగా చేసెను. ఉయ్యాలలోని బిడ్డను పెద్దతల్లులు పెంచిరి. వాడు పెరిగి, నిజమును తెలిసికొని, తల్లిని వెదకుచు బయలుదేరెను. ఫకీరు ఇంటికి పూలు కట్టి యిచ్చు తంబళి పెద్ది అను ముసలిదానిని ఆశ్రయించి, ఆమె మనుమడని చెప్పుకొని, పూలదండతో తల్లి చెంతకు చేరెను. తల్లి ఫకీరునుండి ప్రాణరహస్యమును రాబట్టి కుమారునకు చెప్పెను. కుమారుడు చిలుకను తెచ్చెను. ఫకీరు చచ్చెను. ఱాళ్లైన వారు మరల మనుష్యులైరి.

పాత్రపరిశీలనము

కథను పైపైన చూచినచో బాలనాగమ్మ చెఱలో కూర్చుండి కన్నీరు కార్చు అబలగా తోచును. ఆమె చేసిన పనులను వరుసగా లెక్కింపుడు. అప్పుడు వేఱొక రూపము కానవచ్చును.

మొదటిది, ఆమె కాలమును సంపాదించెను. తనకొక వ్రతము కలదనియు, అది ముగియువఱకు తన్ను తాకరాదనియు ఫకీరునకు నియమము పెట్టెను. ఱాతిని మనిషిగాను, మనిషిని ఱాతిగాను చేయగల మాంత్రికుడు ఆ మాటకు కట్టుపడి ఏండ్ల తరబడి ఆగెను. అతనికి మంత్రమున్నది, ఆమెకు మాట యున్నది. ఆ మాటయే ఆమెకు కోటగోడ యయ్యెను.

రెండవది, ఆమె సంతోషమును అణచుకొనెను. ఉయ్యాలలో విడిచిన బిడ్డ యెదిగి యెదుట నిలిచినప్పుడు ఏ తల్లికైనను కేక వేసి కౌగిలించుకొనవలెనని యుండును. అట్లు చేసినచో ఆ బాలుడును తండ్రి ప్రక్కన మఱియొక ఱాయి యగును. ధైర్యమన్నచో ఖడ్గము దూయుట మాత్రమే కాదు. పొంగివచ్చు హృదయమును క్షణకాలము ఆపగలుగుట కూడ ధైర్యమే.

మూడవది ముఖ్యమైనది. ఆమె అడుగవలసిన ప్రశ్నను అడిగెను. ఫకీరు తన ప్రాణమును ఏడు సముద్రముల కావల, మఱ్ఱిచెట్టు తొఱ్ఱలో, చిలుకయందు దాచెను. ఏ సేనయు అక్కడికి చేరలేదు. కాని ఆ రహస్యమును పలుకగల నాలుక ఇంటిలోనే యున్నది. వానికి ఆ సంగతి తట్టలేదు. బాలనాగమ్మకు తట్టెను. అతని క్షేమముకొఱకు చింతించుచున్నట్లు నటించి, మెల్లగా మాటలలో దింపి, దాచిన చోటు చెప్పించెను.

ఆమె ఇన్నేండ్లు ఈ రహస్యమును ఏల అడుగలేదని మీరు ప్రశ్నింపవచ్చును. యోచించి చూడుడు. రహస్యము తెలిసినను, చెఱనుండి కదలలేని ఆమె ఏమి చేయగలదు? తెలిసినదానిని నమ్మకముగా అందుకొని పోవు చేయి కావలెను. కుమారుడు వచ్చిన తరువాతనే ఆ ప్రశ్నకు ఫలము కలిగెను. తల్లి లేనిచో కుమారునకు త్రోవ తెలియదు. కుమారుడు లేనిచో తల్లి తెలివి చెఱలోనే అణగిపోవును. ఈ కథలో విజయము ఇద్దఱిది.

ఫకీరును మోసగించుట ధర్మమేనా యని మఱియొక సందేహము కలుగవచ్చును. ప్రాణమునకు, మానమునకు ముప్పు వచ్చినప్పుడు బొంకినను పాపము లేదని భాగవతములో శుక్రాచార్యుడు బలిచక్రవర్తితో చెప్పెను. బలి ఆ మాటను త్రోసిపుచ్చెను, ఏలయన అతడు మాట యిచ్చినది దానము కోరి వచ్చిన వటువునకు. బాలనాగమ్మ యెదుట నున్నవాడు భిక్షకుని వేషముతో వచ్చి ఇల్లాలిని అపహరించినవాడు. ఈ భేదమును మీరు గుర్తింపవలెను.

కథ నడచిన త్రోవ

1868వ సంవత్సరమున మేరీ ఫ్రియర్ అను ఆంగ్ల వనిత “ఓల్డ్ డెక్కన్ డేస్” అను కథల సంపుటిని ప్రకటించెను. ఆమెకు ఆ కథలు చెప్పినది ఆ యింట దాదిగా నున్న అన్నా లిబరాటా డిసౌజా. అన్నా వానిని తన అవ్వ వలన వినెను. ఆ గ్రంథములోని “పంచ్‌కిన్” అను కథయందలి నాయిక పేరు బాల్నా. ఆమెయు ఏడుగురిలో కడగొట్టుది. అక్కడను మాంత్రికుని ప్రాణము చిలుకలోనే యున్నది. అక్కడ కుమారుడు పూలమధ్య ఉంగరము నుంచి పంపగా తల్లి అతనిని గుర్తించును. రుష్యా దేశపు కథలలో కొష్చెయ్ అను మాయావి ప్రాణము సూదిమొనలోను, సూది గ్రుడ్డులోను, గ్రుడ్డు బాతులోను ఉండును. అక్కడను ఆ గుట్టును రాబట్టునది చెఱబడిన స్త్రీయే. జానపద కథా శాస్త్రజ్ఞులు ఇట్టి కథలకు 302 అను సంఖ్య నిచ్చిరి.

మన దేశమున ఈ కథను బుఱ్ఱకథకులు పల్లెపల్లెకు మోసిరి. 1885లో ఆరంభమైన సురభి నాటక సమాజమువారు రంగస్థలముపై చూపిరి. 1942లో మదరాసు జెమినీ సంస్థ చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వమున, కాంచనమాల నాయికగా చలనచిత్రము తీసెను. 1959లో అంజలీదేవి ఆ పాత్ర ధరించెను. 2015, 2017 సంవత్సరములలో వచ్చిన “బాహుబలి” చిత్రములను మీరు చూచియుందురు. అందు దేవసేన ఇరువదియైదేండ్లు సంకెళ్లలో నుండి కుమారునికై ఎదురుచూచును. ఆ కుమారుడును తల్లిని ఎఱుగక వేఱొకచోట పెరిగినవాడే. దేవసేన కుమారుడు కత్తితో వచ్చెను, బాలనాగమ్మ కుమారుడు పూలదండతో వచ్చెను. ఈ రెండింటిని పోల్చి చూచుట మంచి అభ్యాసము.

తల్లిదండ్రులకు ఒక మనవి

మన హోసూరు, కృష్ణగిరి సీమ మూడు రాష్ట్రములు కలియు చోటు. ఇంట తెలుగు, అంగడిలో తమిళము, ఎల్ల దాటిన కన్నడము మన పిల్లలకు సహజము. 2006వ సంవత్సరపు చట్టము వలన తమిళము బడులలో దశలవారీగా తప్పనిసరి యైనది. దానిని మన పిల్లలు శ్రద్ధగా నేర్వవలెను. ఉన్నయూరి భాష రానివానికి ఉన్నయూరిలో బ్రతుకుతెరువు కష్టము. కాని తెలుగునకు బడిగంటలు మాత్రమే చాలవు. నేను పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందినప్పుడు ఈ కథ జానపద సాహిత్య పాఠములో ఒక పంక్తిగా వచ్చి పోయినది. పుస్తకము ఇయ్యగలిగినది అంతే. తక్కినది ఇంటి పెద్దల నోట నున్నది. అన్నా తన అవ్వవద్ద విననిచో ఆ కథ 1868లో అచ్చునకు ఎక్కియుండదు. మీ యింటి అవ్వ చెప్పు కథలో మఱియొక పేరు, మఱియొక మలుపు ఉండవచ్చును. ఆమె యుండగనే పిల్లలను చెంత కూర్చుండబెట్టి చెప్పింపుడు. తరువాత అడుగుటకు వీలుండదు.

అభ్యాసము

1. ఫకీరును జయించినది బాలవర్ధి బలమా, బాలనాగమ్మ బుద్ధియా? కారణములతో వ్రాయుము.

2. కుమారుని చూచిన క్షణమున బాలనాగమ్మ మనసులోని భావములను పది పంక్తులలో వ్రాయుము.

3. మీ అవ్వనుగాని, ఇంటి పెద్దలనుగాని అడిగి, ఈ కథను వారు చెప్పిన మాటలలోనే వ్రాసి తెమ్ము. వారి మాటలను దిద్దవలదు.