కార్బ్యురేటర్ ఎందుకు పోయింది?

ఐ.సి. ఇంజిన్ల ల్యాబ్ వైవాలో ఎక్స్‌టర్నల్ గారు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "బైకుల్లో కార్బ్యురేటర్ తీసేసి ఇంజెక్టర్ ఎందుకు పెట్టారు?" నేను ఏమాత్రం తడుముకోకుండా "మైలేజీ కోసం సార్" అన్నాను. ఆయన నవ్వి, "మీ ఇంట్లో పాత బండి ఉందా? ఎంతిస్తోంది?" అన్నారు. "అరవై ఇస్తోంది సార్." "మరి?" అని ఊరుకున్నారు. మార్కులు బాగానే పడ్డాయి. ఆ "మరి?" మాత్రం నాతోపాటు హాస్టల్‌కి వచ్చేసింది.

మనది తెలుగు క్లబ్ కదా అని, రాయబోయే ముందు కార్బ్యురేటర్‌కి ఒక తెలుగు మాట వెతికాం. మనవాడొకడు 'ఇంధన వాయు మిశ్రమణి' అన్నాడు. తెనాలిలో మా మెకానిక్ అన్న దగ్గర ఆ మాట వాడితే స్పానర్ పట్టుకుని వెంటపడతాడు. అందుకని కార్బ్యురేటర్ అనే రాస్తున్నాను.

ముందు చిన్న లెక్క. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు పెట్రోలు దాదాపు 740 గ్రాములు ఉంటుంది, కాబట్టి దానికి 11 కిలోల గాలి. ఘనపు మీటరు గాలి 1.2 కిలోలు తూగుతుంది. అంటే 9 ఘనపు మీటర్లు, మన లెక్కలో 9 వేల లీటర్లు! బంకులో మనం డబ్బులిచ్చేది లీటరుకే, మిగతాదంతా దారిలో ఉచితంగా దొరుకుతోంది.

ఇదే లెక్కని ఇంజిన్ లోపలికి తీసుకెళ్దాం. 100 సీసీ ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో ఒక గుక్కకి మహా అయితే 0.12 గ్రాముల గాలి పీలుస్తుంది. దానికి కావాల్సిన పెట్రోలు 8 మిల్లీగ్రాములు, చుక్కలో సగం అనుకోండి. 6000 ఆర్‌పీఎంలో ఇలాంటి గుక్కలు సెకనుకి 50. ప్రతి గుక్కకీ ఆ అర చుక్కని కొలిచి ఇవ్వడమే ఇంధన వ్యవస్థ పని. సిగ్నల్ దగ్గర ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు గాలి తగ్గుతుంది, పెట్రోలూ అదే నిష్పత్తిలో తగ్గాలి.

కార్బ్యురేటర్ ఈ పనిని కరెంటు లేకుండా, లెక్కలు రాకుండా చేస్తుంది. గాలి దారిని మధ్యలో ఇరుకు చేస్తే అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. మనం ఫస్టియర్ ఫిజిక్సులో బట్టీ పట్టిన బెర్నౌలీయే. కింద గిన్నెలో ఉన్న పెట్రోలు మీద మాత్రం మామూలు వాతావరణ పీడనం ఉంటుంది. ఆ తేడాతో పెట్రోలు జెట్ గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. ఇంజిన్ పెట్రోలుని పీల్చుకుంటుందని అనేస్తుంటాం గానీ, నిజానికి బయటి గాలే దాన్ని లోపలికి నెడుతోంది. గాలి ఎక్కువ వెళ్తే తేడా పెరుగుతుంది, పెట్రోలూ ఎక్కువ వస్తుంది. గిన్నెలో మట్టం మారకుండా ఫ్లోట్ చూసుకుంటుంది, మన ఇంటి మీద నీళ్ళ ట్యాంకులో బంతి లాగా. గాలి మరీ తక్కువున్నప్పుడు మెయిన్ జెట్ పని చేయదు కాబట్టి స్లో జెట్ ఒకటి వేరే ఉంటుంది. చలికాలం పొద్దున పెట్రోలు సరిగ్గా ఆవిరవ్వదు కాబట్టి చోక్ లాగి మిశ్రమాన్ని చిక్కగా చేస్తాం. అంతా కలిపి అరచేతిలో పట్టే వస్తువు. నాకైతే ఇప్పటికీ ఇది అద్భుతంగానే అనిపిస్తుంది.

మరి లోపం ఎక్కడ? కార్బ్యురేటర్ కొలిచి ఇస్తుంది, ఇచ్చాక ఏమైందో దానికి తెలియదు. అది తెలుసుకోవడం మెకానిక్ అన్న పని. సర్వీసింగుకి వెళ్ళినప్పుడు ప్లగ్ విప్పి రంగు చూస్తాడు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లబారితే తక్కువ. బిస్కెట్ రంగులో ఉంటే ముట్టుకోడు. "మీ కాలేజీలో ఏం చెబుతారో గానీ అబ్బాయ్, ప్లగ్గు అబద్ధం చెప్పదు" అంటాడు. మూడు నెలలకోసారి ఇలా సరిచేస్తే బండి నడవడానికి చాలు, మైలేజీకీ చాలు. సైలెన్సర్‌లో ఉన్న కెటలిటిక్ కన్వర్టర్‌కి మాత్రం చాలదు. ఎక్స్‌టర్నల్ గారి "మరి?"కి జవాబు ఇక్కడే ఉంది.

కన్వర్టర్ ముందు రెండు రకాల పనులుంటాయి. కార్బన్ మోనాక్సైడుకీ, కాలని పెట్రోలుకీ ఆక్సిజన్ ఇవ్వాలి. నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్ తీసేయాలి. ప్లాటినం, పలేడియం, రోడియం పూత మీద ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఒకేసారి జరగాలంటే లెక్క రెండు వైపులా సరిపోవాలి. గాలి కాస్త ఎక్కువైతే బయట ఆక్సిజన్ దండిగా దొరుకుతుంది, ఇక నైట్రోజన్ ఆక్సైడ్ల దగ్గర తీసుకునేవాడుండడు. పెట్రోలు ఎక్కువైతే పంచడానికి ఆక్సిజనే ఉండదు. 14.7 చుట్టూ చాలా సన్నని హద్దులో మాత్రమే మూడు విషాలూ ఒకేసారి తగ్గుతాయి. రోజంతా, ఎండలో, ఘాట్ రోడ్డులో, ట్రాఫిక్‌లో ఆ హద్దు దాటకూడదు. మూడు నెలలకోసారి ప్లగ్ చూస్తే ఇది అయ్యే పని కాదు.

అందుకే సైలెన్సర్ పైపులో ఒక సెన్సర్ పెట్టారు. ఆక్సిజన్ మిగిలి ఉంటే 0.1 వోల్టు దగ్గర, మిగలకపోతే 0.9 దగ్గర చూపిస్తుంది. బాష్ తయారుచేసిన ఈ లాంబ్డా సెన్సర్ 1976లో వోల్వో కార్లలో వచ్చింది. ఇప్పుడు మన బైకుల్లో జరిగేది అదే. ట్యాంకులో పంపు పెట్రోలుని సుమారు 3 బార్ ఒత్తిడితో ఇంజెక్టర్‌కి పంపుతుంది. ఈసీయూ గాలి ఎంత వస్తోందో లెక్కకట్టి ఇంజెక్టర్‌ని కొన్ని మిల్లీసెకన్లు తెరుస్తుంది. సెన్సర్ "ఎక్కువైంది" అంటే కొంచెం తగ్గిస్తుంది, "తక్కువైంది" అంటే పెంచుతుంది. మెకానిక్ అన్న ప్లగ్ రంగు చూసే పనే ఇది, కాకపోతే ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఆగకుండా. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక మన టూవీలర్లు చాలావరకు ఇటు మారిపోవడానికి కారణం ఆ హద్దే. మైలేజీ పెరిగిందంటే అది కొసరు.

దీనికి మూల్యం లేకపోలేదు. బ్యాటరీ పూర్తిగా చస్తే పంపు తిరగదు, చాలా బళ్ళని తోసినా లాభం ఉండదు. పంపుకి చల్లదనం ట్యాంకులోని పెట్రోలు నుంచే కాబట్టి, హాస్టల్ అలవాటుగా ఎప్పుడూ రిజర్వులో తిప్పకండి. అన్నకి కూడా కష్టమే. కొత్త బండి వస్తే స్కానర్ కావాలి. చెవితో, కంటితో ఇరవై ఏళ్ళు నేర్చుకున్నది అక్కడ సగమే పనికొస్తుంది.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే నాన్న బండి గురించే మాట్లాడాడు. 2008 మోడల్, రోజూ పొలానికి దాని మీదే. "ఈ మధ్య యాక్సిలరేటర్ ఇస్తే ఒక్క క్షణం ఆలోచించి కదులుతోందిరా, అమ్మేద్దామా?" అన్నాడు. అమ్మితే వచ్చేది ఎంత, కొత్తది కొనాలంటే అయ్యేది ఎంత? అన్న దగ్గరికి తీసుకెళ్ళాం. ప్లగ్ విప్పితే తెల్లగా ఉంది.

నాకు అప్పుడు వెలిగింది. బంకుల్లో వచ్చేది ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంది కాబట్టి గ్రాముకి 9 గ్రాముల గాలి చాలు. కలిపి లెక్కేస్తే 14.7 కాస్తా 13.5 అవుతుంది. పాత జెట్ ఆ పాత కొలతే ఇస్తుంది, అంటే 8 శాతం దాకా తక్కువ పెట్రోలు. సెన్సర్ ఉన్న బండి సర్దుకుంటుంది, నాన్న బండికి ఎవరైనా చెప్పాలి. జేబులోంచి పెన్ను తీసి పాత బిల్లు వెనకాల ఈ లెక్క వేసి అన్నకి చూపించాను. ఆయన ఓపిగ్గా చూసి, "అదేగా, తెల్లగా ఉందని చెప్పింది" అన్నాడు.

తర్వాత కార్బ్యురేటర్ విప్పి సూది మీదున్న క్లిప్‌ని ఒక గాడి కిందికి మార్చాడు. దాంతో సూది కొంచెం పైకి లేచి పెట్రోలుకి దారి పెరుగుతుంది. గట్టిపడ్డ రబ్బరు పైపు కూడా మార్చేశాడు, ఇథనాల్‌కి పాత రబ్బర్లు పడవట. వారం తర్వాత నాన్న ఫోన్‌లో ప్లగ్ ఫోటో పంపాడు. బిస్కెట్ రంగు.