డీజిలు కారులో ఇంధన పీడనము: లోపమును కనుగొను విధానము

జ్వరము వచ్చిన వానికి మందిచ్చుటకు ముందు వైద్యుడు నాడి చూచును. కారు మొరాయించినపుడు మాత్రము మనలో అనేకులు నాడి చూడకయే మందు మొదలిడుదురు. ముందు ఇంజెక్టర్లు మార్చుట, తరువాత పంపు మార్చుట, అప్పటికిని బాగుపడనిచో ఇంకొక భాగమును విప్పుట, ఈ విధముగా యజమాని ధనము కరగిపోవును, మెకానిక్కు మంచిపేరు కూడ దానితోపాటే పోవును. డీజిలు కారునకు ఇంధన పీడనమే నాడి వంటిది. దానిని కొలుచుట యెట్లు, కొలిచిన అంకెను అర్థము చేసికొనుట యెట్లు, ఆ అంకెనుండి లోపమున్న చోటును చేరుట యెట్లు అను మూడు విషయములను తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఇందులకు కావలసిన శాస్త్రజ్ఞానము చాలవరకు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రమున నున్నదే.

పీడనము ఎందులకు?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును అంటించును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. పిస్టను గాలిని దాని పరిమాణములో పదునారవ వంతునకో ఇరువదవ వంతునకో అదుమును. ఆ అదుముటచే గాలి మిక్కిలి వేడెక్కును. అట్టి గాలిలోనికి చిమ్మబడిన డీజిలు తనంత తానే అంటుకొనును. ఈ సూత్రముపై రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున ఇంజనును విజయవంతముగా నడిపి చూపెను.

చిమ్మబడు ఇంధనము మంచుపొగవలె సన్నని తుంపరగా నుండవలెను. పెద్ద బిందువు పూర్తిగా కాలక నల్లని పొగయై వెడలును. తుంపర సన్నబడవలెనన్నచో పీడనము హెచ్చవలెను. 1927లో బాష్ సంస్థ ఇంజెక్షను పంపులను విరివిగా తయారుచేయ నారంభించిన తరువాతనే చిన్న వాహనములకు డీజిలు ఇంజను అనువైనది. 1936లో మెర్సిడెస్ బెంజ్ 260 డి అను డీజిలు కారు వెలువడినది. అప్పటినుండి చాలకాలము వరకు పంపు ఒక్కొక్క సిలిండరునకు వేరువేరుగా పీడనమును పంపుచుండెడిది. 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో కామన్ రైల్ పద్ధతి కార్లలోనికి ప్రవేశించెను. ఇచ్చట రైలనగా పొగబండి కాదు. అన్ని సిలిండర్లకును ఉమ్మడిగా ఇంధనమును పీడనముతో నిలువయుంచు దృఢమైన ఉక్కు గొట్టమునకు ఆ పేరు. ఆ తొలి పద్ధతిలో గరిష్ఠ పీడనము సుమారు 1350 బార్లు. తరువాత వచ్చిన అనేక కార్లలో అది 1600, 1800, 2000 బార్లకు పెరిగినది.

ఒక బారు దాదాపు వాతావరణ పీడనమునకు సమానము. 1600 బార్లనగా ప్రతి చదరపు మిల్లీమీటరుపై 160 న్యూటన్ల బలము, అనగా సుమారు 16 కిలోగ్రాముల బరువు. నూరు చదరపు మిల్లీమీటర్ల వేలిగోరుపై ఒక కారును నిలిపినట్లని యెంచవచ్చును.

ఇంధనము నడచు దారి

లోపమును వెదకువాడు మొదట దారిని తెలిసికొనవలెను. ట్యాంకునుండి ఇంధనము గొట్టముల ద్వారా ఫిల్టరునకును, అచ్చటినుండి పెద్ద పంపునకును చేరును. ఇది అల్పపీడన భాగము. కొన్ని కార్లలో ట్యాంకులోనే విద్యుత్ పంపు ఉండి ఇంధనమును ముందుకు నెట్టును. అచ్చట పీడనము సాధారణముగా కొద్ది బార్లు మాత్రమే. మరికొన్ని కార్లలో ట్యాంకులో పంపు ఉండదు. పెద్ద పంపుతో కలిసియున్న చిన్న పంపు ఇంధనమును పీల్చుకొనును. ఈ భేదము మిక్కిలి ముఖ్యము. నెట్టు పద్ధతిలో గొట్టము పగిలినచో డీజిలు బయటకు కారును. పీల్చు పద్ధతిలో గొట్టము పగిలినచో డీజిలు బయటకు రాదు, గాలి లోనికి పోవును. అందుచే నేలపై చుక్క లేదు కావున లోపము లేదనుట పొరపాటు.

పెద్ద పంపు, రైలు, ఇంజెక్టర్లు అధికపీడన భాగము. పంపులోనికి ఎంత ఇంధనము ప్రవేశింపవలెనో ఒక విద్యుత్ కవాటము నిర్ణయించును. రైలుపై నున్న సెన్సరు పీడనమును కొలిచి కంప్యూటరునకు తెలుపును. కంప్యూటరు తాను కోరిన పీడనమును, వచ్చిన పీడనమును పోల్చి ఆ కవాటమును సవరించును. ఇంజెక్టర్లు వాడగా మిగిలినది తిరుగు గొట్టము ద్వారా ట్యాంకునకు మరలును.

గాలి చేయు చెరుపు ఎంతటిదో బాయిల్ నియమముచే గ్రహింపవచ్చును. డీజిలును 1000 బార్లతో అదిమినను దాని ఘనపరిమాణము కొద్ది శాతము మాత్రమే తగ్గును. గాలి యట్లు కాదు. ఉష్ణోగ్రత మారదనుకొన్నచో 300 బార్లు చేరులోగా అది మూడువందలవ వంతునకు కుదించుకొనిపోవును. పంపు గదిలో గాలి చేరినచో ప్లంజరు శ్రమయంతయు ఆ గాలిని అదుముటకే సరిపోవును. పీడనము లేవదు.

మొదటి పాఠము: చేతిని కాపాడుకొనుట

పాత ఇంజనులలో ఏ సిలిండరు పనిచేయుట లేదో తెలిసికొనుటకు, ఇంజను నడుచుచుండగనే ఇంజెక్టరు గొట్టపు నట్టును వదులు చేయుట పనివారికి అలవాటు. కామన్ రైల్ ఇంజనులో ఆ పని ఎన్నడును చేయరాదు. వెలువడు ధార కంటికి కనిపించనంత సన్నగా నుండి చర్మమును ఛేదించి లోనికి చొచ్చును. పైకి సూదిపోటంత గాయమే కనిపించును, మొదట నొప్పి కూడ అంతగా ఉండకపోవచ్చును. కాని లోపల డీజిలు కండరములను చెరచును. ఆలస్యమైనచో వ్రేలు తీసివేయవలసిన స్థితి రావచ్చును. అట్లు జరిగినచో కట్టుకట్టి ఊరకుండక తక్షణమే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి పోవలెను. ఏ గొట్టమును విప్పవలసివచ్చినను ఇంజనును ఆపి, పీడనము దిగినదని స్కానరులో చూచి, ఆ పిదపనే విప్పవలెను. కారుచున్న చోటును చేతితో తడవరాదు, అట్టముక్కతో పరీక్షింపవలెను.

పరీక్షల క్రమము

ధనము ఖర్చు కాని పరీక్షలను ముందుగను, ఖర్చగు పరీక్షలను తరువాతను చేయవలెను. ఈ ఒక్క నియమమును పాటించినచో సగము పొరపాట్లు తప్పును.

ఒకటి, ప్రశ్నించుట. లోపము ఎప్పటినుండి? దానికి ముందు ఏ పని చేయించినారు? ఇంధనము ఎచ్చట పోయించినారు? డీజిలులో కిరోసిను కలిసినచో దాని జిడ్డుదనము తగ్గును. పంపులోని భాగములకు వేరే నూనె లేక డీజిలే కందెనగా నుండు కార్లలో కల్తీ ఇంధనము పంపునే అరుగదీయును.

రెండు, సెన్సరు సత్యము చెప్పుచున్నదా యని చూచుట. రాత్రియంతయు ఆగియున్న కారులో రైలు పీడనము సున్నకు సమీపమున నుండవలెను. చాల సెన్సర్లకు 5 వోల్టుల సరఫరా ఉండి, సున్న పీడనమున 0.5 వోల్టులు, గరిష్ఠ పీడనమున 4.5 వోల్టులు వెలువడును. గరిష్ఠము 1800 బార్లనుకొన్నచో, 4 వోల్టులను 1800తో భాగింపగా ఒక బారునకు సుమారు 2.2 మిల్లీవోల్టులు. 300 బార్ల వద్ద 0.5 వోల్టులకు 0.67 కలిపి 1.17 వోల్టులు రావలెను. ఆగియున్న ఇంజనులోనే 200 బార్లు చూపు సెన్సరును నమ్మి పంపును మార్చుట, పాడైన తక్కెడను నమ్మి సరకును నిందించుట వంటిది.

మూడు, అల్పపీడన భాగము. ట్యాంకులో తగిన ఇంధనమున్నదా, ట్యాంకు మూతకు గాలి ఆడుచున్నదా, ఫిల్టరులో నీరు చేరినదా, ఫిల్టరు పూడినదా యని చూడవలెను. ఫిల్టరునకును పంపునకును మధ్య కొంతమేర పారదర్శకమైన గొట్టమునమర్చినచో బుడగలు కంటికే కనిపించును. నెట్టు పద్ధతిలో చిన్న గేజితో పీడనమును, పీల్చు పద్ధతిలో వాక్యూము గేజితో లాగుడును కొలిచి, తయారీదారు తెలిపిన హద్దులతో పోల్చవలెను.

నాలుగు, తిరుగు ఇంధనము. ప్రతి ఇంజెక్టరు తిరుగు గొట్టమునకు ఒక్కొక్క కొలసీసా తగిలించి, కొంతసేపు ఇంజను నడిపి మట్టములను పోల్చవలెను. మూడింటిలో సమానముగనుండి నాలుగవదానిలో రెండుమూడు రెట్లున్నచో ఆ ఇంజెక్టరు లోపల అరిగినదని అర్థము. పీజో తరహా ఇంజెక్టర్ల తిరుగు గొట్టములో కొంత పీడనము నిలుపవలసియుండును గనుక, అట్టి కార్లలో తయారీదారు చెప్పిన విధమునే అనుసరింపవలెను.

ఐదు, కవాటములును పంపును. పై నాలుగింటను లోపము కనిపించనప్పుడే పంపును అనుమానింపవలెను. ఫిల్టరు గిన్నెలో మెరయు లోహపు రజను కనిపించినచో పంపు అరిగినదని గట్టిగా అనుమానింపవచ్చును. అప్పుడు పంపు నొక్కదానినే మార్చిన చాలదు. ఆ రజను రైలునకును ఇంజెక్టర్లకును చేరియుండును. అన్నింటిని శుభ్రపరచుటయో మార్చుటయో తప్పదు.

అంకెలను చదువుట

స్కానరులో కోరిన పీడనమును, వచ్చిన పీడనమును ప్రక్కప్రక్కన చూడవలెను. వెచ్చని ఇంజను నిలకడగా నడుచుచుండగా అనేక కార్లలో ఇది 250 నుండి 350 బార్ల మధ్య నుండును. స్టార్టరు త్రిప్పునపుడు సుమారు 150 నుండి 250 బార్లయినను రానిచో కంప్యూటరు ఇంజెక్టర్లను తెరువనే తెరువదు. పి 0087 అను సంకేతము పీడనము చాలలేదనియు, పి 0088 మించినదనియు, పి 0190 మొదలుకొనునవి సెన్సరు వలయములో దోషమనియు తెలుపును. సంకేతము రోగలక్షణమును చెప్పునే గాని రోగకారణమును చెప్పదు.

కారణమునకు దారి చూపునది లోపము కనిపించు సమయము. స్టార్టు చేయునపుడే పీడనము లేవనిచో గాలి చొరబాటునో, ఇంజెక్టరు తిరుగు కారుటనో ముందుగా వెదకవలెను. నిలకడలో సరిగా నుండి, ఘాటురోడ్డు ఎక్కునపుడు గాని వేగము పెంచినపుడు గాని పడిపోయినచో, ఇంధన సరఫరా చాలకుండుట, అనగా ఫిల్టరు పూడుట, గొట్టము నలుగుట వంటివి ముఖ్యకారణములు. అంకె నిలువక పైకి క్రిందికి ఊగుచున్నచో గాలి యైనను, కవాటము అతుకుకొనుట యైనను కావచ్చును. కోరినదానికంటె మించినచో కవాటము తెరచుకొని నిలిచిపోవుటనో, తిరుగు గొట్టము మూసికొనుటనో పరీక్షింపవలెను.

ఒక ఉదాహరణము

నేను చూచిన ఒక సంగతి చెప్పెదను. ఒక కుటుంబమునకు అద్దెకారే జీవనాధారము. ఉదయమున ఆ కారును చాలసేపు త్రిప్పినగాని స్టార్టు కాదు. నడిచిన తరువాత బాగుగనే యుండును. పెద్దరోడ్డుపై వేగము పెంచగనే శక్తి తగ్గి హెచ్చరిక దీపము వెలుగును. సంకేతము పి 0087. పంపును, నాలుగు ఇంజెక్టర్లను మార్చవలెనని ఒకచోట చెప్పినారు. ఆ మొత్తము తెచ్చుటకు ఇంటిలోని బంగారమును కుదువపెట్టుట తప్ప వారికి మార్గము లేదు.

అప్పుడు ఒక వృద్ధ ఉస్తాదు వద్దకు కారు చేరినది. ఆయన పానా పట్టలేదు. “దీనికి చివరిసారి ఏ పని చేయించినారు బాబూ?” అని మాత్రము అడిగెను. పదిదినముల క్రిందట ఫిల్టరు మార్చినారని తెలిసినది. ఆగియున్న కారులో సెన్సరు 0.5 వోల్టులు చూపెను, కావున సెన్సరు నిర్దోషి. నాలుగు సీసాలలో తిరుగు ఇంధనము సమానముగా నిండెను, కావున ఇంజెక్టర్లు నిర్దోషులు. అది పీల్చు పద్ధతి కారు. పారదర్శక గొట్టము అమర్చగా బుడగలు వరుసగా పోవుచు కనిపించినవి. పిదప ఆయన శుభ్రమైన డీజిలు నింపిన డబ్బానుండి నేరుగా పంపునకు గొట్టము కలిపెను. వెంటనే కారు స్టార్టయ్యెను. రోడ్డుపై పరుగెత్తించగా కోరిన 1400 బార్లును వచ్చినవి, కావున పంపును నిర్దోషియే. దోషము ట్యాంకునకును పంపునకును మధ్యనే యున్నదని తేలినది. ఫిల్టరు మూత విప్పి చూడగా, బిగించునపుడు రబ్బరు రింగు మడతపడి నలిగియున్నది. రాత్రివేళ ఆ సందున గాలి చొచ్చి ఇంధనము ట్యాంకునకు జారిపోవుచుండెను, వేగమున పంపు ఎక్కువగా పీల్చునపుడు గాలి మరింత చొచ్చుచుండెను. రెండు లక్షణములకును కారణమొక్కటే. ఆ రింగు మార్చుటతో కారు బాగుపడెను, ఆ ఇంటి బంగారము ఇంటనే నిలిచెను.

ముగింపు

ఆ ఉస్తాదు బడిలో చదివినది కొద్దియే. కాని ఆయన చేసినది శాస్త్రజ్ఞుడు చేయు పనియే. అనుమానితులను వరుసగా నిలిపి, ఒక్కొక్క పరీక్షతో ఒక్కొక్కరిని విడిచిపెట్టి, మిగిలినదానిని పట్టుకొనెను. మనము తరగతిలో పాస్కల్ నియమమును, బాయిల్ నియమమును కంఠస్థము చేసి పరీక్షలో వ్రాసి మరచెదము. ఆయన వాటి పేర్లెరుగక నిత్యము వాడుచున్నాడు. ఈ రెండు విద్యలు కలిసినచో ఎంత మేలగును! పాడైన ఇంజెక్షను పంపునొకదానిని కోసి మన ప్రయోగశాలలో నుంచి, సంవత్సరమునకొకసారి అట్టి అనుభవజ్ఞుని పిలిపించి విద్యార్థులకు చూపించినచో ఖర్చు స్వల్పము, ఫలము అధికము. కళాశాల కమిటీ పెద్దలు ఈ విన్నపమును ఆలోచింతురుగాక.

విద్యార్థి మిత్రులకు చెప్పవలసినది ఒక్కటే. మీరు రేపు ఇంజనీర్లయినను, మెకానిక్కులయినను, కారు యజమానులయినను, కొలువక ముందు ఏ భాగమును నిందింపకుడు. నిరూపింపక ముందు ఇతరుల ధనమును ఖర్చుపెట్టింపకుడు.