కర్తయా, ఉద్దేశ్యమా? – ఇంగ్లీషు వాక్యాంగాలకు తెలుగు సంజ్ఞలు

తెలుగు వ్యాకరణ చరిత్రలో నెల్లూరు సీమకు ప్రథమస్థానం కలదు. తెలుగు భాషకు తెలుగులోనే లక్షణం చెప్పిన తొలి గ్రంథంగా ప్రసిద్ధి కెక్కిన ఆంధ్రభాషాభూషణమును 13వ శతాబ్దిలో రచించిన మూలఘటిక కేతన, మనుమసిద్ధి ఆస్థానంలోని తిక్కనకు సమకాలికుడు. తన దశకుమారచరిత్రమును ఆయనకే అంకితం చేసినవాడు. ఈ తీరప్రాంతానికే ఇంగ్లీషు విద్యతోనూ పాత సంబంధం ఉన్నది. కందుకూరు సమీపాన ఓగూరులో 1784లో జన్మించి, మద్రాసు సదర్ అదాలతులో అనువాదకుడుగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి నాటి బడులలోని బోధనాస్థితిని గూర్చి నివేదిక సమర్పించినాడు. ఆయన ఇంగ్లీషులో రాసుకొన్న స్వీయచరిత్ర 1873లో అచ్చయినది. వ్యాకరణబోధ, ఇంగ్లీషు చదువు అనే రెండు పాయలు ఇట్లు ఒకే సీమలో కలిసినవి గనుక, నేటి పసిపిల్లలకు ఇంగ్లీషు వాక్యాంగాలను ఏ పేర్లతో బోధిస్తున్నాము అనే ప్రశ్న ఇక్కడి పండితులకు పరాయిది కాదు.

ఇంగ్లీషు వ్యాకరణంలోని భాషాభాగాలకు తెలుగులో నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అనే పేర్లు పాఠశాలలలో స్థిరపడినవి. వీటివల్ల పెద్ద చిక్కు లేదు. భాషాభాగాల సంఖ్య దేశకాలాలను బట్టి మారుతూనే వచ్చినది. యాస్కుడు నామ, ఆఖ్యాత, ఉపసర్గ, నిపాతాలని నాలుగు చెప్పినాడు. గ్రీకులు ఎనిమిది అన్నారు. 1795లో వెలువడిన లిండ్లీ మర్రే ఇంగ్లీషు వ్యాకరణం తొమ్మిదింటిని లెక్కించినది. చిక్కంతా వాక్యాంగాల దగ్గర ఉన్నది. ఇంగ్లీషులో సబ్జెక్ట్ అనే దానికి కర్త అనీ, ఆబ్జెక్ట్ అనే దానికి కర్మ అనీ బడులలో చెప్పడం వాడుక. ఈ సమీకరణం సుకరమే కాని సాధువు కాదు.

పాణినీయంలో కర్త, కర్మ అనేవి కారకసంజ్ఞలు. క్రియానిర్వహణలో స్వతంత్రంగా వివక్షింపబడినది కర్త (1.4.54); కర్త తన వ్యాపారంచేత మిక్కిలి పొందగోరినది కర్మ (1.4.49). ఇవి అర్థాశ్రయాలు. సబ్జెక్ట్ అనేది అట్లు కాదు. వాక్యంలో ఒక స్థానానికి, క్రియతో వచనసంబంధం గల పదానికి పెట్టిన పేరు. 'పిల్లవాడు వల విసిరెను' వంటి వాక్యాలలో రెండూ ఒకే పదంపై నిలుస్తాయి గనుక భేదం కనబడదు. 'ది నెట్స్ వర్ టోర్న్ బై ఎ క్రాబ్' అన్నచోట అది బయటపడుతుంది. చింపినది పీత, కారకదృష్టిచేత అదే కర్త. సబ్జెక్ట్ మాత్రం వలలు. 'ఎవరు చేసినారు అని ప్రశ్నించుము, వచ్చిన సమాధానమే కర్త, కర్తయే సబ్జెక్ట్' అని నేర్చిన బాలుడు పీతను పట్టుకొంటాడు. పీత ఏకవచనం గనుక క్రియను దానితో అన్వయించి 'ది నెట్స్ వజ్ టోర్న్' అని రాస్తాడు. తప్పు బాలునిది కాదు. అతడు తనకు చెప్పిన సూత్రాన్ని తు.చ. తప్పక పాటించినాడు.

ప్రాచ్యకళాశాల విద్యార్థికి ఈ విషయం కొత్తది కానక్కరలేదు. 'ధీవరేణ జాలాని క్షిప్యంతే' అనే కర్మణి ప్రయోగంలో తిఙ్ ప్రత్యయం కర్మను చెప్పుచున్నది (3.4.69). ప్రత్యయంచేత అభిహితమైనందున జాలశబ్దానికి ప్రథమ వచ్చినది. అనభిహితుడైన ధీవరునికి తృతీయ వచ్చినది. క్రియ బహువచనాన్ని పొందినది వలలను బట్టియే. ఇంగ్లీషు సబ్జెక్ట్‌కు మన శాస్త్రంలో దగ్గరి మాట వెదకదలచిన యెడల అది కర్త కాదు, క్రియచేత అభిహితమై క్రియతో వచనసామ్యం పొందిన ప్రథమాంతపదం. సంస్కృతం నేర్చినవారు ఈ భేదాన్ని ఎరిగియుండి కూడా ఇంగ్లీషు తరగతిలో కర్త అనే మాటనే వాడడం ఆశ్చర్యకరం.

తెలుగు వ్యాకరణాలు ఈ పనికి అంతగా తోడ్పడకపోవడానికి కారణం ఉన్నది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) పది పరిచ్ఛేదాలలో వాక్యపరిచ్ఛేదం లేదు. పేరులో బాలశబ్దం ఉన్నా అది పండితులు ఏండ్లతరబడి మథించిన గ్రంథమన్నది వేరు మాట. బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణం (1885)లో వాక్యాన్ని గూర్చి ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చినది. అందుచేత బడిపంతులు వాక్యాంగాలకు సంజ్ఞలు కావలసినప్పుడు కారకపరిచ్ఛేదం నుండి అరువు తెచ్చుకొన్నాడు.

విభక్తి ప్రత్యయాన్ని గుర్తుగా పెట్టుకొని ఆబ్జెక్ట్‌ను పట్టించబూనడమూ నిలువదు. 'ను' ఉన్నది కర్మ అని చెప్పగానే మైపాడు, జువ్వలదిన్నె వంటి ఊళ్ళ పిల్లవాడు నిత్యం అనే మాటలే అడ్డు వస్తాయి: 'వల విసిరినాడు', 'పడవ తోసినాడు', 'చేప అమ్మినాడు'. ఎక్కడా 'ను' లేదు. జడవాచకాలకు ద్వితీయకు మారుగా ప్రథమ బహుళంగా వస్తుందని సూరి కారకపరిచ్ఛేదంలో చెప్పినదే ఇది. 'కు' ప్రత్యయం సంగతి మరీ విచిత్రం. సంప్రదాయం 'కొఱకు, కై' అనే వాటిని చతుర్థిగా, 'కి, కు' లను 'యొక్క'తోపాటు షష్ఠిగా పఠించినది. 'నాకు ఆకలి అగుచున్నది', 'నాకు చేప కావలెను' అనే వాక్యాలలోని 'నాకు' ఇంగ్లీషులో 'ఐ' అనే సబ్జెక్ట్ అవుతుంది. విభక్తుల పట్టిక కంఠస్థం చేసిన బాలుడు దానిని షష్ఠి అంటాడు. అర్థం చూచినవాడు అనుభవించేవాడంటాడు. ఇంగ్లీషు పంతులు కర్త అంటాడు. మువ్వురిలో ఎవరిని నమ్మవలెనో ఎనిమిదేండ్ల పిల్లవానికి తెలియదు.

క్రియ విషయంలోనూ ఒక మాట చెప్పవలసి ఉన్నది. క్రియ లేనిదే వాక్యం లేదని ఇంగ్లీషు తరగతిలో చెప్పే నియమం తెలుగుకు చెల్లదు. 'ఇది పడవ', 'ఆయన మా నాయన' అనేవి సంపూర్ణవాక్యాలు. 'దిస్ బోట్' అని రాసిన బాలుడు క్రియను మరచినవాడు కాడు. తన భాషలో లేని క్రియను అతడు ఎక్కడినుండి తేగలడు? తెలుగులో ఉద్దేశ్యవిధేయాలు క్రియ లేకుండానే అన్వయిస్తాయనీ, ఇంగ్లీషులో వాటి నడుమ 'ఈజ్' అనే కట్టు తప్పనిసరి అనీ రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూపడమే మార్గం. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలకు ఎదురెదురు పుటలలో తెలుగు, ఇంగ్లీషు ముద్రించిన పాఠ్యపుస్తకాలు వచ్చిన తరువాత ఇట్టి పోలికకు అవకాశం పెరిగినది.

సబ్జెక్ట్‌ను ఉద్దేశ్యం అనడం కర్త అనడం కంటె మేలు. అయినా అదీ నిర్దుష్టం కాదు. ఉద్దేశ్యమనగా దేనిని గూర్చి చెప్పుచున్నామో అది. 'ఇట్ ఈజ్ రెయినింగ్' అన్నప్పుడు 'ఇట్' దేనిని గూర్చినది? తెలుగులో 'వాన కురియుచున్నది' అనగా వానయే ప్రథమాంతం. సంస్కృత భావేప్రయోగంలో, 'తేన సుప్యతే' అన్నచోట, ప్రథమాంతమే ఉండదు. క్రియ ప్రథమపురుషైకవచనంలో నిలిచిపోతుంది. ఇంగ్లీషు ఆ పీటను ఖాళీగా ఉంచనీయక అర్థం లేని 'ఇట్'ను తెచ్చి కూర్చుండబెట్టినది. ఈ పీట పోలికతో చెప్పిన యెడల పిల్లలు సులభంగానే గ్రహింపగలరు.

కనుక ప్రశ్నించి పట్టే పద్ధతికంటె మార్చి పట్టే పద్ధతి బాలురకు హితం. 'ది బాయ్ త్రోస్ ది నెట్' అనే వాక్యంలో 'నెట్'ను 'నెట్స్' చేసి చూడవలెను, క్రియ కదలదు. 'బాయ్'ని 'బాయ్స్' చేయగానే 'త్రోస్' అన్నది 'త్రో' అవుతుంది. క్రియను కదిలించిన పదమే సబ్జెక్ట్. పీతవాక్యంలోనూ 'వజ్, వర్' అనే మార్పు వలనే పట్టిస్తుంది. భూతకాలంలో 'త్రూ' వంటి క్రియలు దేనికీ మారవు గనుక ఆ వాక్యాలను ముందు వర్తమానానికి తెచ్చి పరీక్షింపవలెను. ఈ కొద్ది శ్రమ తప్పదు.

పై తరగతులలో మరొక వాక్యం ఎదురవుతుంది: 'ది బాయ్ వజ్ గివెన్ ఎ ఫిష్.' ఇచ్చినవాడు తండ్రి, ఈయబడినది చేప, పుచ్చుకొన్నవాడు పిల్లవాడు. సంస్కృతంలో దానక్రియ కర్మణి ప్రయోగంలో ప్రథమ చేపకే వస్తుంది; సంప్రదానమైన బాలునికి చతుర్థి తప్ప గతి లేదు. ఇంగ్లీషులో ఆ సంప్రదానమే సబ్జెక్ట్ స్థానంలో కూర్చున్నది. కర్త, కర్మ అనే రెండు మాటలతోనే ఇంగ్లీషు నేర్చిన విద్యార్థి దగ్గర దీనికి పెట్టడానికి పేరు లేదు.