రంగులపెట్టె పక్కన పెట్టండి

రంగులు కొనలేకనో, చెయ్యి తిరగలేదనో బొమ్మలు వేయడం మానేశారా? అయితే సవర గిరిజనుల గోడబొమ్మను ఒక్కసారి చూడండి. సీతంపేట నుంచి ఒడిశా గుణుపూర్ దాకా పరుచుకున్న కొండల్లో సవరలకు ఎర్రమట్టి పూసిన గోడ, నీళ్లలో కలిపిన బియ్యప్పిండి, ఒక పుల్ల చాలు. చతురస్రం గీస్తే ఇల్లు. రెండు త్రికోణాల మొనలు కలిపితే మనిషి. ఆ ఇంట్లోకి పెద్దల ఆత్మలను, దేవతలను పిలుస్తారు. సవరల మతంపై 1955లో వచ్చిన గ్రంథంలో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఈ బొమ్మల గురించీ రాశాడు. ఉన్నవి రెండే రంగులు. అయినా చెప్పదలచినదంతా గోడెక్కింది.

ఇలా తక్కువతో చెప్పడం ఎవరైనా సాధన చేయగల పని. గీతతో మొదలుపెట్టండి. ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోట ముందు కూర్చుని మానులను నిలువుగా గీయండి. కాగితం మీద ప్రశాంతత వస్తుంది. అవే గీతలను ఒకే పక్కకు వంచండి, గాలి మొదలవుతుంది. అన్నీ వంగినచోట ఒక్కదాన్ని నిటారుగా ఉంచితే అది చెట్టుగా మిగలదు, ఒక స్వభావం అవుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను చూసిన ఉద్దానం వాళ్లకు ఆ బొమ్మ కింద పేరు రాయక్కర్లేదు.

వెలుగునీడలు ఇంతకంటే కష్టం. చాలామంది ఓడేది ఇక్కడే. పెన్సిల్ గట్టిగా నొక్కడానికి భయపడతారు, బొమ్మంతా ఒకే బూడిదరంగులో మిగిలిపోతుంది. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో గ్రేడింగ్ చేసే మహిళలను చూడండి. తెల్లటి జీడిపప్పులోంచి కాస్త మాడినదాన్ని చూపు పడగానే తీసేస్తారు. ఆ కన్ను పుట్టుకతో రాలేదు, పనితో వచ్చింది. మీరూ తెలుపు నుంచి నలుపు దాకా అయిదు మెట్లు రోజూ దిద్దండి. తర్వాత చలికాలంలో పక్షులు వచ్చే తేలినీలాపురం వెళ్లి, సాయంత్రం ఆకాశానికి అడ్డంగా నిలిచిన పెలికాన్‌ను గీయండి. బాగా నలుపు, బాగా తెలుపు కలిసేచోటికే చూపు ముందు పోతుంది. మీకు ముఖ్యమైనదాన్ని అక్కడ పెట్టండి.

ఇక వరస. సవర బొమ్మలో చేతులు కలిపిన మనుషులు ఒకరి పక్కన ఒకరు వచ్చేసరికి నాట్యం పుడుతుంది. వారిలో ఒక్కరిని అటు తిప్పి చూడండి, కన్ను అక్కడే ఆగుతుంది.

ఈ మూడింటికీ ముందు ఏం చెప్పాలో ఒక్క ముక్కలో తేల్చుకోవాలి. ‘అమ్మ’ అనుకుంటే సరిపోదు. ‘జీడిపప్పు వలిచి అలసిన అమ్మ’ అనుకోండి. అప్పుడు భుజం గీత కిందికి జారుతుంది, మెడ వంపులో నీడ చిక్కనవుతుంది, చుట్టూ అవే చిన్న వంపుల పప్పులు కుప్పలుగా వచ్చేస్తాయి. ముఖం గీయకుండానే ప్రయత్నించండి. అలసట తెలియకపోతే భుజం గీతను ఇంకాస్త దించి మళ్లీ వేయండి.