నర్సింగ్‌లో చేరుతున్నారా? ముందు కాన్పుల వార్డు చూడండి

మొవ్వ, కూచిపూడి, చల్లపల్లి ప్రాంతాల్లో ఇంటర్ అయ్యాక నర్సింగ్ వైపు చూసే పిల్లలు ఎక్కువే. ఇంట్లో పెద్దవాళ్లు ముందుగా ఫీజు ఎంత, హాస్టల్ ఎలా ఉంటుంది అని ఆరా తీస్తారు. వాటికన్నా ముందు అడగవలసింది ఒకటుంది: ఈ కాలేజీ విద్యార్థులు కాన్పులు ఏ ఆసుపత్రిలో చూస్తారు? గర్భిణుల సంరక్షణ పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. చేయి అలవాటు పడాలి, చెవి అలవాటు పడాలి, మాట నెమ్మదించాలి. ఈ మూడూ ఓపీలో, లేబర్ రూమ్‌లోనే వస్తాయి.

ఓపీలో ఏం నేర్చుకుంటారు?

బరువు, బీపీ, హిమోగ్లోబిన్, మూత్రంలో ఆల్బుమిన్, చక్కెర. వచ్చిన ప్రతి గర్భిణికీ ఈ వరుస తప్పకూడదు. నడిచి వచ్చిన మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాకే బీపీ చూడాలి. అది 140/90 చేరితే డాక్టరుకు చెప్పాల్సిందే. తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాపు ఉన్నాయా అని అడిగి తెలుసుకోవాలి.

తర్వాత పొట్ట పరీక్ష. మూత్రానికి వెళ్లి రమ్మని చెప్పి, పడుకోబెట్టి, మోకాళ్లు కొద్దిగా మడవమనాలి. మన చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని వెచ్చబరచుకోవాలి. పొత్తికడుపు కింది ఎముక నుంచి గర్భసంచి పై అంచు దాకా టేపుతో కొలవాలి. 24 వారాలు దాటాక ఆ సెంటీమీటర్లు దాదాపు వారాల లెక్కకు సరిపోతాయి. 32 వారాలకు 27 సెంటీమీటర్లే వస్తే బిడ్డ ఎదుగుదల గురించి డాక్టరు చూడాలి. ఆపైన బిడ్డ తల ఎటుంది, వీపు ఎటుంది అని చేతులతో పోల్చుకోవాలి. వీపు ఉన్న వైపు ఫీటోస్కోప్ పెడితే గుండె చప్పుడు అందుతుంది. అది నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. కొత్తలో చాలామంది తల్లి రక్తనాళాల చప్పుడునే బిడ్డదనుకుంటారు. అందుకే తల్లి మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, రెండూ వేరని తేల్చుకుంటూ వినడం నేర్పుతారు.

మన ప్రాంతంలో పని

మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో కూతురు ఊరికి వస్తుంది. అప్పటిదాకా చూసిన డాక్టరు వేరు, ఆసుపత్రి వేరు. తల్లీబిడ్డల సంరక్షణ కార్డు, పాత రిపోర్టులు అడిగి తీసుకుని తేదీల వరుసలో చదవడం, చివరి నెలసరి మొదటి రోజుకు 9 నెలల 7 రోజులు కలిపి కాన్పు తేదీ సరిచూడడం విద్యార్థికి రావాలి.

మాట నేర్పు కూడా చదువులో భాగమే. "ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడంటగా?" అని వెంట వచ్చిన పెద్దావిడ అడుగుతుంది. "రంగుకీ మాత్రకీ సంబంధం లేదు పెద్దమ్మా. రక్తం తక్కువగా ఉంటే కాన్పులో మీ అమ్మాయికే ప్రమాదం" అని ఓపిగ్గా చెప్పాలి. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత, 7 లోపు ఉంటే తీవ్రమైనది. నాలుగో నెల నుంచి 180 రోజులు ఐరన్ మాత్ర వేసుకోవాలి. టీ, కాఫీలతో వద్దు, కాల్షియం మాత్రతో కలిపీ వద్దు.

దివిసీమలో ఎదురుమొండి లాంటి దీవి ఊళ్ల గర్భిణి ఏటిపాయ దాటి రావాలి. నొప్పులొచ్చాక చూద్దాంలే అంటే కుదరదు. ఏ ఆసుపత్రికి వెళ్లాలి, తోడు ఎవరు, 108 అంబులెన్సు ఎక్కడికి రావాలి అన్నది నెలలు నిండకముందే ఆ ఇంటివాళ్లతో కూర్చుని తేల్చడం నర్సు పనే.

కోర్సులు, ఉద్యోగాలు

ఏఎన్ఎం రెండేళ్లు. ఇంటర్ ఏ గ్రూపైనా సరే, అమ్మాయిలకు మాత్రమే. గ్రామ సచివాలయాల్లో ఏఎన్ఎంలుగా పనిచేసేది వీళ్లే. జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. బీఎస్సీకి ఇంటర్‌లో సైన్సు ఉండాలి, ప్రవేశాలు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారా జరుగుతాయి. ఈ రెండింటిలో ఏది చదివినా స్టాఫ్ నర్సులవుతారు. బీఎస్సీవారికి పల్లెల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టులూ ఉన్నాయి.

కాన్పుల పని మీదే మనసున్నవారు ఆపైన 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ తీసుకోవచ్చు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్‌లతో కలిసి నర్సులకు ఇలాంటి శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. విదేశాలకు వెళ్లాలనుకునేవారు ఒకటి తెలుసుకోవాలి: బ్రిటన్‌లో నర్సుకూ మిడ్‌వైఫ్‌కూ రిజిస్ట్రేషన్ వేరువేరు.

చేరే ముందు

కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? అనుబంధ ఆసుపత్రిలో నెలకు ఎన్ని కాన్పులు జరుగుతాయి? లేబర్ రూమ్‌లో పక్కన నిలబడి నేర్పే ట్యూటర్ ఉన్నారా? ఈ మూడింటికీ జవాబు రాబట్టండి. సీనియర్లతో మాట్లాడండి. ఎంత పెద్ద భవనమున్నా కాన్పులు లేని ఆసుపత్రిలో ఈ పని రాదు.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి. దరఖాస్తు చేసే ముందు ఒక 9వ తేదీన మీకు దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. డాక్టరు అనుమతితో, బయట వరుసలో ఉన్న తల్లుల పక్కన ఒక పూట కూర్చోండి. వాళ్ల భయాలు వినాలని, సాయంగా ఏదైనా చేయాలని మీకు అనిపిస్తే ధైర్యంగా చేరండి. ఈ చదువు మీకోసమే.